సెలవు చీటీ

పర్లాకిమిడి నుంచి నాకు రెండు దారులు.
ఒకటి బరంపురం బస్సు,
ఘాటీ మలుపుల్లో కడుపులో దేవేది.
ఇంకొకటి గుణుపురం మీంచొచ్చే విశాఖ బండి,
నౌపడ దాకా నత్త, ఆ తర్వాత కాస్త నయం.

బరంపురం డాక్టరమ్మ కాగితం వెనక
ఏదో కాయ బొమ్మ గీసి, ఎడమ పక్కన గోళీ చుట్టింది.
నాలుగు సెంటీమీటర్ల పాత నెత్తురు.
చాక్లెట్ సిస్ట్ అంటారట.
పిల్లల చేతిలో పెట్టే తీపి పేరు దీనికెవరు పెట్టారో!
"ముందు దీన్ని తీసేద్దాం. తర్వాతే పిల్లల సంగతి.
ఇరవై ఒక్క రోజులు సెలవు పెట్టు."

విశాఖ డాక్టరు బొమ్మలు గీయలేదు.
రిపోర్టులో ఒక్క అంకె చుట్టూ సున్నా చుట్టాడు,
సున్నా పాయింటు తొమ్మిది.
"కత్తి పెడితే ఉన్న గుడ్లలో కొన్ని పోతాయమ్మా.
ముందు వాటిని ఏరి దాచుకుందాం. పన్నెండు రోజులు చాలు.
నొప్పికంటారా, మాత్రలున్నాయి కదా."

ఉన్నాయి.
సుద్దముక్కల పెట్టెలో, బియ్యం డబ్బా మూత మీద,
ధర్మాచారి స్కూటర్ డిక్కీలో.

అవే రెండు అంకెలు. ఏది ముందన్నదే తేడా.

తరిగిపోయే లెక్క నాకు కొత్త కాదు.
పోయినేడు ఏడో తరగతి తెలుగుకి పంతొమ్మిది మంది,
ఈ ఏడు పధ్నాలుగు.
హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరూ
కొంచెం మెల్లగా పలుకుతాను.

ఇంట్లో కాల్చిన కొమ్ము వాసన.
ధర్మాచారి రొయ్యని చెక్కుతున్నాడు,
మీసం ఇంకా వెంట్రుకంత సన్నం కావాలి.
"నీకెలా అనిపిస్తే అలాగే" అన్నాడు.
మంచి మాటే. కానీ ఆ మాటతో
తక్కెడ మొత్తం నా వైపు ఒరిగిపోయింది.
కోపమొచ్చి అడిగాను: నీ చేతిలో కొమ్మైతే ఏం చేస్తావు?
ఆకురాయి ఆపాడు.
"మా నాన్న అనీవోడు,
ఎక్కువ తీసీసినాక అతికీ జిగురు ఈ ఊర్లో లేదని."
కాసేపాగి,
"పగులుంచీసి మెరుగెట్టినా నిలవదనీ అనీవోడు."
మీసం మీది పొడిని ఊదకుండా
అలాగే చూస్తూ కూర్చున్నాడు.

బడిలో ఆడపిల్లలు "పెటొ బింధుచి" అంటారు.
ఒడియాలో నొప్పి గుచ్చుతుంది.
మన మాటలో పొడుస్తుంది, సలుపుతుంది, మెలిపెడుతుంది.
నాకు రెండు భాషలూ వచ్చు.
ఎనిమిదో తరగతిలో బెంచీ అంచు కొరికిన రోజు నుంచీ
ఏ భాషలోనూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.
"పెళ్లయితే సర్దుకుంటాది" అంది మా పిన్ని.
"కానుపైతే సర్దుకుంటాది" అంది అత్త.
ఎప్పుడూ తర్వాతి స్టేషన్‌లోనే దిగుతుందట ఇది.

మొన్న మూడో రోజు రాత్రి,
స్నానాలగది గచ్చుకి చెంప ఆనించి పడుకున్నప్పుడు తోచింది:
ఇద్దరు డాక్టర్లూ రాబోయేవాళ్ళ గురించే మాట్లాడారు.
వచ్చి ముప్పై నాలుగేళ్ళయినదాన్ని
ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
గుడ్ల మాట గుర్తొచ్చి
ఆ గచ్చు మీదే ఏడ్చాను కూడా.
పోయేవి పోతాయేమో. అది చిన్న మాట కాదు.

ఇవాళ ప్రార్థన అయ్యాక
హెడ్మాస్టరు మహాపాత్రో బల్ల మీంచి ఫారం తీసుకున్నాను.
పదకొండేళ్ళుగా కారణం గడిలో జ్వరమనే రాశాను.
నెలనెలా జ్వరమొచ్చే టీచరమ్మని.
ఈసారి తెలుగులో రాశాను, నొప్పి అని.
ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఇదేమిటన్నాడు.
చదివి చెప్పాను. ఒడియాలోనూ చెప్పాను.
తల దించుకుని, "ఎన్ని రోజులు?" అన్నాడు.

నా పెన్ను గీరుకుందేగానీ రాయలేదు.
ఆయన జేబులోది ఇచ్చాడు.
ముందు రెండు వేశాను.
చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
దాని పక్కన ఒకటి.